అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఫెడరల్ గ్రాంట్లు, విద్యార్థి సహాయం: ఆడిట్ తేదీలనే ఎందుకు పట్టుకుంటుంది?

కొల్లేటి కొంగ

సభ్యులందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఖాతాల విభాగంలో కొత్తగా చేరాను. మా సంస్థ తాజా ఆడిట్ నివేదికలో విద్యార్థి సహాయానికి సంబంధించి రెండు అభ్యంతరాలు నమోదయ్యాయి. సెమిస్టరు మధ్యలో చదువు మానేసిన విద్యార్థుల ఫెడరల్ సహాయంలో ప్రభుత్వానికి తిరిగి పంపవలసిన భాగాన్ని గడువు దాటాక పంపారన్నది మొదటిది. విద్యార్థుల నమోదు స్థితిలో వచ్చిన మార్పులను జాతీయ విద్యార్థి రుణాల సమాచార వ్యవస్థకు సకాలంలో తెలియజేయలేదన్నది రెండవది. రెండింటిలోనూ ఆడిటర్లు ప్రశ్నించిన మొత్తం చాలా స్వల్పం. అందువల్ల మా కార్యాలయంలో పలువురు "డబ్బు ఎక్కడికీ పోలేదు కదా, తప్పింది తేదీలే కదా" అంటున్నారు.

నా సందేహం సూటిగా అడుగుతాను. కోట్ల డాలర్ల పరిశోధన గ్రాంట్లు ఖర్చవుతున్న చోట ఆడిటర్లు ఇద్దరు ముగ్గురు విద్యార్థుల తేదీల మీద ఇంత శ్రద్ధ పెట్టడం సమంజసమేనా? ఈ రంగంలో అనుభవమున్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పద్దుల పంతులు

కొంగ గారూ, నేను చాలాకాలంగా ఒక ఆడిట్ సంస్థ తరఫున విశ్వవిద్యాలయాల లెక్కలు చూస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఈ ఆడిట్ ఎలా పుట్టిందో చెప్పాలి. 1984కు ముందు గ్రాంటు ఇచ్చిన ప్రతి ఫెడరల్ శాఖా తన డబ్బు లెక్క చూడటానికి తన మనుషులను తానే పంపేది. ఒకే విశ్వవిద్యాలయానికి ఒకే ఏడాది నాలుగు శాఖల ఆడిటర్లు వచ్చిన సందర్భాలూ, ఏళ్ల తరబడి ఎవరూ తొంగిచూడని సందర్భాలూ ఉండేవి. 1984 నాటి సింగిల్ ఆడిట్ చట్టం సంస్థ మొత్తానికి కలిపి ఏడాదికి ఒకే ఆడిట్ అనే పద్ధతిని తెచ్చింది. 1996లో దానిని సవరించారు. వేర్వేరు సర్క్యులర్లలో చెల్లాచెదురుగా ఉన్న నియమాలన్నీ ఒకచోట చేర్చిన ఏకరూప మార్గదర్శకాలు 2014 డిసెంబరు 26 నుంచి అమలులోకి వచ్చాయి. ఏడాదిలో 7,50,000 డాలర్లు లేదా అంతకుమించి ఫెడరల్ నిధులు ఖర్చు చేసిన సంస్థలకు ఈ ఆడిట్ తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు ఆ పరిమితిని 10 లక్షల డాలర్లకు పెంచారు.

విశ్వవిద్యాలయాల్లో పని ప్రధానంగా రెండు గుంపుల మీద నడుస్తుంది. పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కరలేని సహాయం), డైరెక్ట్ రుణాలు (ప్రభుత్వమే నేరుగా ఇచ్చే రుణాలు), వర్క్ స్టడీ (చదువుకుంటూ చేసే పనికి ఇచ్చే జీతం), అనుబంధ గ్రాంట్లు అన్నీ కలిపి విద్యార్థి ఆర్థిక సహాయం అనే ఒక గుంపు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్, జాతీయ ఆరోగ్య సంస్థలు, ఇంధన శాఖ, రక్షణ శాఖ వంటివి ఇచ్చే పరిశోధన గ్రాంట్లన్నీ కలిపి మరొక గుంపు. ఏయే నియమాలు ఎలా పరీక్షించాలో అధ్యక్షుని బడ్జెట్ కార్యాలయం ఏటా ఒక అనుబంధ గ్రంథంలో చెబుతుంది. మేము ఆ బాటలోనే నడుస్తాము. కాబట్టి తేదీలు చూడటం ఆడిటరు ఇష్టానిష్టాలకు సంబంధించిన విషయం కాదు.

ఒక మాట అదనంగా చెబుతాను. పూర్తయిన నివేదికలు ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్ హౌస్‌కు చేరతాయి. 2023 అక్టోబరు నుంచి దానిని సాధారణ సేవల పరిపాలన సంస్థ నిర్వహిస్తోంది. అక్కడ విశ్వవిద్యాలయాల నివేదికలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీలాంటి సంస్థలకు వచ్చిన అభ్యంతరాలను చదివితే, పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతులు ఎన్నో తెలుస్తాయి.

మంజీర

నేను విద్యార్థి ఆర్థిక సహాయ కార్యాలయంలో పనిచేస్తాను. "తప్పింది తేదీలే కదా" అన్న మాట నన్ను బాధించింది, ఎందుకంటే ఈ వ్యవహారంలో తేదీ నుంచే డబ్బు లెక్క పుడుతుంది. కొంచెం ఓపికగా చదవండి.

1965 నాటి ఉన్నత విద్యా చట్టం నాలుగవ అధ్యాయం కింద ఇచ్చే సహాయాన్ని, విద్యార్థి చదువుకున్న రోజుల నిష్పత్తిలో "సంపాదించుకుంటాడు" అన్నది మూల సూత్రం. సెమిస్టరులో 60 శాతం దాటేవరకూ ఉన్నవాడు మొత్తం సంపాదించుకున్నట్టే. అంతకుముందే మానేస్తే ఎన్ని రోజులు ఉన్నాడో లెక్కకట్టి, మిగిలినది తిరిగి పంపాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 110 రోజుల సెమిస్టరులో ఒక అమ్మాయి 44వ రోజున మానేసింది. ఆమెకు అందిన సహాయం 5,000 డాలర్లు. నిష్పత్తి 40 శాతం కాబట్టి ఆమె సంపాదించుకున్నది 2,000, సంపాదించనిది 3,000. ఆ సెమిస్టరుకు విశ్వవిద్యాలయం వసూలు చేసే ఫీజు 4,000 అనుకుంటే, అందులో ఆమె సంపాదించని 60 శాతం, అంటే 2,400 డాలర్లను విశ్వవిద్యాలయమే ప్రభుత్వానికి తిరిగి పంపాలి. మిగిలిన 600 విషయం విద్యార్థిని బాధ్యత. అది రుణమైతే మామూలు షరతుల ప్రకారం తీర్చుకుంటుంది.

ఇక్కడితో ఆగదు. విశ్వవిద్యాలయం 2,400 తిరిగి పంపగానే ఆ అమ్మాయి ఫీజు ఖాతాలో అంత మేర లోటు ఏర్పడుతుంది, చాలా సంస్థలు దానిని ఆమె నుంచే వసూలు చేస్తాయి. బాకీ తీరేదాకా మళ్లీ నమోదు చేసుకోనివ్వని సంస్థలు ఉన్నాయి. చదువు మానేసిన సంగతి విశ్వవిద్యాలయం గుర్తించిన రోజు నుంచి 45 రోజుల్లో డబ్బు తిరిగి పంపాలన్నది నియమం. అది నాలుగైదు నెలలు ఆలస్యమైతే, అంతా సర్దుకుందనుకుని వేరే ఊరిలో ఉద్యోగంలో చేరిన అమ్మాయికి అకస్మాత్తుగా బిల్లు వస్తుంది.

సెలవుల లెక్క మరొకటి. వరుసగా 5 రోజులు లేదా అంతకంటే ఎక్కువ సెలవులు ఉంటే వాటిని మొత్తం రోజుల్లోంచి తీసివేయాలి, ముందూ వెనుకా వచ్చే శని ఆదివారాలతో సహా. కాబట్టి వసంత విరామం సాధారణంగా 9 రోజులవుతుంది. 112 రోజుల సెమిస్టరులో ఆ 9 రోజులు తీసేస్తే 103. విరామానికి ముందే 45వ రోజున మానేసిన విద్యార్థి నిష్పత్తి 45ను 103తో భాగిస్తే 43.7 శాతం, సెలవులు తీసివేయడం మరచి 112తో భాగిస్తే 40.2 శాతం. 5,000 డాలర్ల సహాయం మీద ఆ విద్యార్థికి 175 డాలర్లు తక్కువ లెక్క వస్తుంది. క్యాలెండరును కంప్యూటరులో ఒక్కసారి తప్పుగా నమోదు చేస్తే ఆ సెమిస్టరులో మానేసిన ప్రతి ఒక్కరి లెక్కా తప్పుతుంది. ఆడిటరుకు కనబడేది నమూనాగా ఎంచుకున్న ఫైళ్లలోని ఒకరిద్దరి స్వల్ప మొత్తమే అయినా, నష్టపోయినవారు నమూనాకు వెలుపలే ఎక్కువ మంది ఉంటారు.

నమోదు స్థితి విషయమూ ఇంతే. విద్యార్థి సగం కంటే తక్కువ కోర్సులకు దిగినా, మానేసినా, ఆ తేదీ నుంచి రుణం తిరిగి కట్టడానికి 6 నెలల వెసులుబాటు లెక్క మొదలవుతుంది. ఆ తేదీ తప్పుగా వెళ్తే వాయిదాలు వేళకాని వేళ మొదలవుతాయి. ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగు కుటుంబాల పిల్లలూ, గ్రీన్ కార్డు ఉన్నవారూ ఈ రుణాలు తీసుకుంటున్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

గోల్కొండ గువ్వ

మంజీర గారి వివరణకు కృతజ్ఞతలు. నేను ఎఫ్-1 వీసా మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. పెల్ గ్రాంటుకూ ఫెడరల్ రుణాలకూ మాకు అర్హత లేదని తెలుసు కాబట్టి ఈ ఆడిట్‌తో నాకు సంబంధం లేదనుకునేదానిని. ఇప్పుడు ఒక చిక్కు ఎదురైంది. మా ప్రొఫెసరు గారి చేతిలో రెండు ఫెడరల్ గ్రాంట్లు ఉన్నాయి. నేను పనిచేసేది మొదటిదాని మీద. అందులో నిధులు అయిపోవడంతో, గడచిన కొన్ని నెలల నా జీతాన్ని రెండవ గ్రాంటు పద్దుకు మార్చారు. ఇప్పుడు నేను ఆ కాలమంతా రెండవ ప్రాజెక్టుకే పనిచేశానని ధ్రువీకరించే పత్రం నా పేరు మీద వచ్చింది. "ఇది లాంఛనమే, నొక్కెయ్యి" అని ప్రయోగశాలలో సీనియర్లు చెబుతున్నారు. సంతకం చేయకపోతే ప్రొఫెసరు గారికి కోపం వస్తుందేమోనని, నా నిధులు ఆగిపోతే వీసా సంగతి ఏమవుతుందోనని భయంగా ఉంది.

తుంగభద్ర

గువ్వ గారూ, నేను ఒక పరిశోధన విభాగంలో గ్రాంట్ల నిర్వహణ చూస్తాను. మీరు చేయని పనిని చేసినట్టుగా ధ్రువీకరించవద్దు. అది లాంఛనం కాదు.

ఏకరూప మార్గదర్శకాల్లో ఈ విషయం స్పష్టంగా ఉంది: ఒక గ్రాంటుకు చెందిన ఖర్చును, ఆ గ్రాంటులో డబ్బు చాలలేదన్న కారణంతో మరొక ఫెడరల్ గ్రాంటుకు మార్చకూడదు. మీ పని నిజంగానే రెండు ప్రాజెక్టులకూ ఉపయోగపడి ఉంటే, ఆ ఉపయోగం మేరకు రెండింటికీ పంచడం తప్పు కాదు. కాబట్టి ముందుగా ప్రొఫెసరు గారిని మర్యాదగా అడగండి: "ఈ కాలంలో నేను చేసిన పనిలో రెండవ ప్రాజెక్టుకు పనికివచ్చిన భాగం ఏది?" అని. ఆయనకు సరైన సమాధానం ఉండవచ్చు. లేకపోతే విభాగంలోని గ్రాంట్ల మేనేజరుకు ఒక ఈమెయిల్ రాయండి. నేరారోపణలా రాయవద్దు. "నా రికార్డు ప్రకారం నా పని ఈ ప్రాజెక్టు మీద జరిగింది, పత్రంలో వేరుగా ఉంది, సరిచూడగలరు" అంటే చాలు. నిధులు లేని కాలానికి జీతం విభాగపు సొంత నిధుల నుంచి చెల్లించడం అన్ని చోట్లా ఉన్న మార్గమే. పనిచేసినందుకు మీకు అందిన జీతం మీదే. ఏ పద్దు కింద రాయాలన్నది సంస్థ సమస్య. గ్రాంటు నిధుల దుర్వినియోగాన్ని బయటపెట్టిన, గ్రాంటు పొందే సంస్థల ఉద్యోగులకు చట్టపరమైన రక్షణ ఉందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇటువంటి బదిలీలను ఆడిటర్లు ఎందుకు వెతుకుతారో చెప్పడానికి యేల్ విశ్వవిద్యాలయం ఉదంతం చాలు. గ్రాంటు కాలం ముగిసేవేళ మిగిలిన డబ్బు ఖర్చు చేయడానికి సంబంధంలేని ఖర్చులను దాని మీదికి మార్చారని, వేసవిలో వేరే పనులు చేస్తూనే నూరు శాతం గ్రాంటు పనికే వెచ్చించినట్టు కొందరు పరిశోధకులు జీతం తీసుకున్నారని ప్రభుత్వం ఆరోపించింది. 2008 డిసెంబరులో యేల్ 76 లక్షల డాలర్లు చెల్లించి రాజీ కుదుర్చుకుంది. కొలంబియా విశ్వవిద్యాలయానిది మరో తరహా వ్యవహారం. తమ సొంతం కాని భవనాల్లో జరిగిన పరిశోధనకు ప్రాంగణంలో జరిగే పరిశోధనకు వర్తించే హెచ్చు రేటుతో పరోక్ష ఖర్చులు (భవనాలు, విద్యుత్తు, పరిపాలన వంటి ఉమ్మడి ఖర్చులు) వసూలు చేశారన్న వివాదంలో 2016లో 95 లక్షల డాలర్లు చెల్లించింది.

పరోక్ష ఖర్చుల చరిత్రలో స్టాన్‌ఫోర్డ్ పేరు చెప్పకుండా ఉండలేము. 1991లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు విచారణ జరిగినప్పుడు, విహార నౌక తరుగుదల, విశ్వవిద్యాలయ అధ్యక్షుని నివాసపు అలంకరణ ఖర్చులు పరిశోధన నిర్వహణ ఖర్చులలో కలిసి ప్రభుత్వానికి చేరినట్టు బయటపడింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాజీనామా ప్రకటించారు. చివరికి 1994లో తేలిన రాజీ మొత్తం 12 లక్షల డాలర్లే. మోసం జరిగినట్టు ప్రభుత్వం చెప్పలేదు. అయితే 1991లోనే పరిపాలన ఖర్చులపై విధించిన 26 శాతం గరిష్ఠ పరిమితి విశ్వవిద్యాలయాలకు నేటికీ వర్తిస్తోంది.

నల్లమల

అందరూ ఆడిట్‌ను బాగానే సమర్థిస్తున్నారు. నేను ఒక అసమ్మతి నమోదు చేయదలచుకున్నాను. తుంగభద్ర గారు చెప్పిన స్టాన్‌ఫోర్డ్ వ్యవహారాన్ని వెలికి తీసినది ఏటా జరిగే ఆడిట్ కాదు. నౌకాదళ పరిశోధన కార్యాలయం తరఫున అక్కడ నియమితుడైన ఒక అధికారి పట్టుదల వల్ల అది బయటికి వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయం సంగతి ఇంకా పెద్దది. కల్పిత పరిశోధన ఫలితాల ఆధారంగా ఫెడరల్ గ్రాంట్లు పొందారన్న ఆరోపణపై 2019 మార్చిలో 11.25 కోట్ల డాలర్లు చెల్లించింది. దానిని బయటపెట్టినది ప్రయోగశాలలో పనిచేసిన ఒక మాజీ ఉద్యోగి. 1863 నాటి తప్పుడు క్లెయిముల చట్టం కింద ప్రభుత్వం తరఫున ఆయన వేసిన దావా వల్లనే అది సాధ్యమైంది; ఆయన వాటాగా 3.375 కోట్ల డాలర్లు అందాయి. ఆ ఏళ్లన్నింటిలోనూ అక్కడ ఆడిట్ జరుగుతూనే ఉంది. ఓచర్లు సరిగ్గా ఉన్నాయి, ఆమోదాలు ఉన్నాయి, ఫలితాలే నిజం కాదు.

నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం (దాని సొంత తనిఖీ విభాగం) ఎన్నో విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లు ఫౌండేషన్ గ్రాంట్ల నుంచి ఏడాదికి రెండు నెలలకు మించి తీసుకున్న జీతాన్ని ప్రశ్నించింది. గ్రాంటు వచ్చిన తరువాత పని పరిధి మారనంతవరకూ ఆ కాలాన్ని పెంచుకునే అధికారం విశ్వవిద్యాలయానికి ఉందని ఫౌండేషన్ తానే స్పష్టం చేయవలసి వచ్చింది. ఆ వాదోపవాదాలకు వెచ్చించిన శ్రమ ఎవరి ఖాతాలోది? పెద్ద తప్పులు మనుషుల ధైర్యం వల్ల బయటపడుతున్నాయి. ఆడిట్‌కు మిగిలేవి చిన్న తప్పులే.

పద్దుల పంతులు

నల్లమల గారి మాటల్లో నిజముంది. డ్యూక్ తరహా మోసాన్ని సింగిల్ ఆడిట్ పట్టుకోలేదు, దానిని అందుకోసం రూపొందించలేదు కూడా. ప్రయోగ ఫలితం నిజమా కాదా అని తేల్చే విద్య మా దగ్గర లేదు. ఆ పని గువ్వ గారి వంటి ప్రయోగశాల మనుషులే చేయగలరు. వారు మాట్లాడగలిగే పరిస్థితి కల్పించడం సంస్థ బాధ్యత.

కానీ మా పని చిన్న తప్పులను ఏరడమే అన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. మేము సాధారణంగా 40 లేదా 60 మంది విద్యార్థుల ఫైళ్లు తీసుకుంటాము. 60 ఎందుకో చెబుతాను. మొత్తం ఫైళ్లలో 5 శాతం తప్పులు ఉన్న చోట, యాదృచ్ఛికంగా తీసిన 60లో ఒక్కటీ కనబడకుండా పోయే అవకాశం 5 శాతం లోపే. అంటే 60లో ఏమీ దొరకకపోతే వ్యవస్థ మీద ఒక స్థాయి నమ్మకం పెట్టవచ్చు. 60లో నాలుగు దొరికితే ఆ నాలుగింటి డాలర్ల విలువను మాత్రమే చూడటం అర్థం లేని పని, ఎందుకంటే అవి మిగిలిన వేల ఫైళ్ల తరఫున మాట్లాడుతున్నాయి. నియమాలు కూడా ఇదే దృష్టితో ఉన్నాయి. ప్రైవేటు సంస్థల విషయంలో, తిరిగి పంపవలసిన సొమ్ము నమూనాలో 5 శాతం లేదా ఎక్కువ కేసుల్లో ఆలస్యమైనట్టు ఆడిటరు తేలిస్తే, ఏడాదిలో తిరిగి పంపవలసిన మొత్తంలో 25 శాతానికి సమానమైన బ్యాంకు హామీని విద్యా శాఖ కోరుతుంది. అక్కడ కొలమానం ఆలస్యమైన కేసుల శాతమే.

విశ్రాంత సూపరింటెండెంటు

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయ ఖాతాల శాఖలో పనిచేసి విరమించాను. మా దగ్గర కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు 2017 ఆర్థిక నియమాల ప్రకారం 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇస్తాము. అది లేకపోతే తరువాతి విడత రాదు గనుక అందరి దృష్టీ ఆ కాగితం మీదే ఉండేది. డబ్బు ఖర్చయిందని అది చెబుతుంది గానీ, ఏ విద్యార్థికి ఏ రోజు అందిందో చెప్పదు. మంజీర గారి వివరణ చదివాక, ఒక్కొక్క విద్యార్థి స్థాయిలో తేదీ చూసే పద్ధతి మన స్కాలర్‌షిప్‌ల విషయంలోనూ ఉంటే ఎంత మేలు జరిగేదో అనిపించింది. కోవిడ్ కాలంలో అక్కడ విద్యార్థులకు అత్యవసర సహాయం ఇచ్చారని విన్నాను. దానికీ ఈ ఆడిట్ వర్తించిందా?

మంజీర

వర్తించింది, సూపరింటెండెంటు గారూ. 2020 నాటి కేర్స్ చట్టం కింద విశ్వవిద్యాలయాలకు నేరుగా కేటాయించిన నిధుల్లో కనీసం సగం విద్యార్థులకు అత్యవసర గ్రాంటుగా ఇవ్వాలన్నది షరతు. ఆ ఖర్చు వివరాలను సంస్థ తన వెబ్‌సైటులో మూడు నెలలకోసారి పెట్టాలి. ఆ నివేదికలు ఆలస్యంగా పెట్టడం, అందులోని అంకెలు లెడ్జరుతో సరిపోకపోవడం వంటి అభ్యంతరాలు చాలా సంస్థలకు వచ్చాయి. మొదట ఫెడరల్ సహాయానికి అర్హులైనవారికే ఇవ్వాలని విద్యా శాఖ నియమం పెట్టడంతో మన ఎఫ్-1 విద్యార్థులకు ఆ సొమ్ము అందలేదు. 2021 మే నెలలో వచ్చిన తుది నియమంతో విదేశీ విద్యార్థులకూ ఇచ్చే వీలు కలిగింది. ఎవరికి ఎంత ఇవ్వాలన్న నిర్ణయం సంస్థలది. అందుకే ఏ ప్రాతిపదికన ఇచ్చారో రాతపూర్వకంగా ఉందా లేదా అని ఆడిటర్లు అడిగారు. ఆ కాగితం లేని చోట, నిజంగా అవసరమున్న విద్యార్థికి ఎందుకు అందలేదో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.

గోల్కొండ గువ్వ

తుంగభద్ర గారూ, మీరు సూచించినట్టే మా విభాగపు గ్రాంట్ల మేనేజరుకు రాశాను. ఆవిడ నన్ను పిలిపించి, నా ప్రయోగశాల నోటు పుస్తకంలోని తేదీలు చూశారు. ప్రొఫెసరు గారితో మాట్లాడిన తరువాత ఆ నెలల జీతాన్ని విభాగపు నిధులకు మారుస్తామన్నారు. ప్రొఫెసరు గారు నాతో కోపంగా ఏమీ అనలేదు. ఆయనకు ఆ నియమం తెలియదని మేనేజరు చెప్పారు. సవరించిన పత్రం వచ్చాక చదివి సంతకం చేస్తాను.

తుంగభద్ర

సంతోషం. ఆ ఈమెయిలునూ, పాత పత్రం ప్రతినీ భద్రపరచుకోండి. గ్రాంటు ముగిసిన తరువాత కూడా సాధారణంగా 3 ఏళ్లపాటు రికార్డులు అడిగే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది.

కొల్లేటి కొంగ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మంజీర గారూ, మీ ఉదాహరణ చదివిన వెంటనే మా వసంత సెమిస్టరు క్యాలెండరు అమరికను తెరిచి చూశాను. విరామం 9 రోజులూ మొత్తం రోజుల్లోనే కలిసి ఉన్నాయి. ఆడిటర్ల నమూనాలో ఈ పొరపాటు రాలేదు, వారు గమనించినది ఆలస్యం మాత్రమే. సవరణ ప్రణాళికలో మేము రాయవలసినది ఏమిటి? అసలు ఆలస్యానికి మూలం ఏమిటంటే, చెప్పకుండా మానేసిన విద్యార్థుల సంగతి మాకు మార్కులు వచ్చేదాకా తెలియడం లేదు.

మంజీర

చెప్పకుండా మానేసినవారి విషయంలో, హాజరు తప్పనిసరి కాని సంస్థ సెమిస్టరు ముగిసిన 30 రోజుల్లోగా వారిని గుర్తించాలి; ఆ గుర్తించిన రోజు నుంచి 45 రోజుల గడువు మొదలవుతుంది. అన్ని కోర్సుల్లోనూ ఫెయిలైనవారి జాబితాను మార్కులు నమోదైన వారంలోనే రిజిస్ట్రారు కార్యాలయం మీకు పంపాలి. ఫెయిల్ గ్రేడు వేసే ప్రతి అధ్యాపకుడూ ఆ విద్యార్థి చివరగా తరగతికి వచ్చిన, లేదా పరీక్ష రాసిన, లేదా అసైన్‌మెంటు ఇచ్చిన తేదీని నమోదు చేస్తే తప్ప గ్రేడు స్వీకరించకుండా కంప్యూటరులోనే ఏర్పాటు చేయించండి. ఎందుకంటే చివరిదాకా వచ్చి ఫెయిలైనవారూ, మధ్యలో మానేసి ఫెయిలైనవారూ ఆ తేదీ లేకపోతే ఒకేలా కనిపిస్తారు. ప్రణాళికలో ఏ పదవిలో ఉన్నవారు ఏ తేదీలోగా ఏ పని చేస్తారో రాయండి. "సిబ్బందికి శిక్షణ ఇస్తాము" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టవద్దు.

క్యాలెండరు విషయం ఆడిటరు చూడలేదని వదిలేయకండి. ఆ సెమిస్టరులో మానేసిన ప్రతి ఒక్కరి లెక్కా మళ్లీ వేయాలి.

పద్దుల పంతులు

మంజీర గారి మాటను బలపరుస్తున్నాను. మీరే కనుగొని, మీరే సరిదిద్ది, ఆ కాగితాలు మా ముందు పెడితే వచ్చే ఏడాది ఆడిటరు దానిని చూసే తీరు వేరుగా ఉంటుంది. అదే పొరపాటు వచ్చే ఏడాది మా నమూనాలో బయటపడితే, దానిని మీ నియంత్రణ వ్యవస్థలోని లోపంగా రాయక తప్పదు.

కొల్లేటి కొంగ

ఈ రోజు మా డైరెక్టరు గారికి రెండు క్యాలెండర్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాను. నమూనాలో దొరికినవారితో ఆగకుండా, ఆ వసంత సెమిస్టరులో మానేసిన విద్యార్థులందరి లెక్కలూ మళ్లీ వేయడానికి ఆమె అంగీకరించారు. ఎక్కువగా తిరిగి పంపిన సొమ్మును విద్యా శాఖ వ్యవస్థలో సవరించి, ఆ మేరకు విద్యార్థుల ఖాతాల్లోని బాకీలు తగ్గించాలి. ఇప్పటికే వసూలు సంస్థలకు అప్పగించిన ఖాతాలుంటే వాటిని ముందు వెనక్కి రప్పించాలని నిర్ణయించారు. ఆ జాబితాతో సోమవారం పని మొదలుపెడుతున్నాము.